ఊరంతా చూస్తున్న మా సైటు మా కంప్యూటర్‌లోనే రావట్లేదు

ప్రశ్న: సార్ నమస్కారం. మాది పెరంబూరు. ఇంట్లోనే ఆవకాయ, మాగాయ, కందిపొడి, కరివేపాకు పొడి చేసి మద్రాసులో ఉన్న మనవాళ్ళకి పంపిస్తుంటాం, నాలుగేళ్ళ నుంచి సొంత వెబ్‌సైట్ కూడా ఉంది. మూడు వారాల నుంచి ఆ సైట్ మా డెస్క్‌టాప్‌లో మాత్రం ఓపెన్ అవ్వట్లేదు. నా ఫోన్‌లో వస్తుంది, మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో వస్తుంది, కస్టమర్లకి వస్తుంది, ఆర్డర్లూ పడుతున్నాయి. అందరిదీ అదే నెట్. డెస్క్‌టాప్‌లో యూట్యూబ్, జీమెయిల్, బ్యాంకు అన్నీ వస్తాయి, మా సైటొక్కటే రాదు, తెల్లగా తిరిగి తిరిగి చివరికి ఏదో ఇంగ్లీషులో చెప్పి ఆగిపోతుంది. రూటర్ ఆపి వేశాం, క్రోమ్ తీసేసి మళ్ళీ వేశాం, యాంటీవైరస్ స్కాన్ పెట్టాం. లేబుల్ ప్రింటర్ ఆ కంప్యూటర్‌కే ఉంది, అందుకని ఇప్పుడు ఫోన్‌లో అడ్రస్ చూసుకుంటూ పార్సిళ్ళ మీద చేత్తో రాస్తున్నాను, మొన్న ఒకటి పిన్‌కోడ్ తప్పు రాసి వెనక్కి వచ్చింది. సర్వీస్ అబ్బాయి వచ్చి విండోస్ పాడైంది ఆంటీ, ఫార్మాట్ కొట్టాలి అన్నాడు. అందులో నాలుగేళ్ళ కస్టమర్ల అడ్రస్‌లున్నాయి, మా మామగారి సహస్ర చంద్ర దర్శనం ఫోటోలున్నాయి. కొట్టించమంటారా? ఆవకాయ సీజన్, చేతిలో టైం లేదు.
— ఒక గృహిణి, పెరంబూరు

జవాబు: వద్దమ్మా, ఫార్మాట్ వద్దు. మీ ఉత్తరం చూడగానే మీరిచ్చిన నంబర్‌కి ఫోన్ చేశాను, మనిద్దరం ముప్పావు గంట మాట్లాడుకున్నాం, మీ సైట్ వచ్చేసింది, అది మీకు తెలుసు. కానీ ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, అందుకని ఆ ముప్పావు గంటలో ఏం చూశాం, ఎందుకు చూశాం అన్నది మిగతా వాళ్ళ కోసం మొత్తం రాస్తున్నాను.

ముందు మీ ఉత్తరంలోనే ఉన్న మంచి సంగతి చెప్తాను. ఒక సైట్ ఒక కంప్యూటర్‌లో రాకపోతే జనం మొదట నెట్ వాడిని తిడతారు, తర్వాత సైట్ చేసినవాడిని తిడతారు. మీరు ఫోన్‌లో చూశారు, అమ్మాయి ల్యాప్‌టాప్‌లో చూశారు, అక్కడ వస్తుందని తెలుసుకున్నారు, దాంతో సగం పని అయిపోయింది, ఎందుకంటే సైట్ బతికే ఉంది. ఒక్క చిన్న అనుమానం మాత్రం మిగిలింది. ఫోన్ ఒక్కోసారి వైఫైలో ఉన్నట్టే ఉంటుంది కానీ లోపల మొబైల్ డేటా వాడుతుంటుంది, అందుకని మిమ్మల్ని డేటా ఆపేసి మళ్ళీ చూడమన్నాను, వచ్చింది. తర్వాత దానికి అటువైపు నుంచి చూశాం. మీ డెస్క్‌టాప్‌కి వైఫై లేదు, కేబులే, కాబట్టి ఛార్జింగ్ వైరుతో ఫోన్‌ని దానికి తగిలించి, ఫోన్‌లో వైఫై ఆపించి డేటా మళ్ళీ ఆన్ చేయించి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ దగ్గరున్న యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయించాను, రూటర్ కేబుల్ పీకించాను. ఇప్పుడు డెస్క్‌టాప్ మీ ఫోన్ నెట్ మీద నడుస్తోంది, రూటర్‌తో సంబంధం లేదు. అయినా సైట్ రాలేదు. అంటే తప్పు రూటర్‌లో లేదు, నెట్ కంపెనీలో లేదు, సైట్‌లో లేదు, ఆ డబ్బాలోనే ఉంది. ఈ రెండు పరీక్షలకీ కలిపి ఐదు నిమిషాలు పట్టదు, స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఎవరైనా చెయ్యాల్సింది ఇదే.

రూటర్ కేబుల్ మళ్ళీ పెట్టించి, తర్వాత మిమ్మల్ని ఆ "ఏదో ఇంగ్లీషు" అక్షరం అక్షరం చదవమన్నాను. ఇది మాత్రం అందరూ గుర్తు పెట్టుకోండి దయచేసి, నాకు ఉత్తరం రాసేటప్పుడు "ఎర్రర్ వస్తుంది" అని రాస్తే నేనేం చెయ్యలేను, ఆ ఎర్రర్‌లో ఉన్న పెద్దక్షరాల ముక్క రాయండి, ఫోటో తీసి పంపినా సరే. మీరు చదివింది "దిస్ సైట్ కాంట్ బి రీచ్డ్", దాని కింద "టుక్ టూ లాంగ్ టు రెస్పాండ్", ఇంకా కింద చిన్నగా "ఎర్ర్ కనెక్షన్ టైమ్డ్ ఔట్". ఆ చివరి ముక్క వినగానే నాకు సగం ధైర్యం వచ్చింది.

ఎందుకంటే, ఒక సైట్ పేరు కొట్టగానే కంప్యూటర్ వెంటనే ఆ సైట్ దగ్గరకి వెళ్ళిపోదు. దానికి పేర్లు తెలియవు, నంబర్లే తెలుసు. ముందు ఈ పేరుకి నంబర్ ఎంత అని కనుక్కుంటుంది, తర్వాత ఆ నంబర్ ఉన్న ఇంటికి వెళ్ళి తలుపు కొడుతుంది. నంబరే దొరక్కపోతే "డీఎన్ఎస్ ప్రోబ్ ఫినిష్డ్ ఎన్ఎక్స్ డొమైన్" అని వస్తుంది, అంటే అలాంటి పేరు ఎవరికీ తెలియదన్నారని. నంబర్ దొరికి, అక్కడ మిషన్ ఉండి, ఆ తలుపు దగ్గర మాత్రం ఎవరూ కూర్చోకపోతే చాలావరకు "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వెంటనే వచ్చేస్తుంది. మీకు వచ్చింది టైమ్డ్ ఔట్, అంటే నంబర్ దొరికింది, వెళ్ళి తలుపు కొట్టింది, లోపల్నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు, కాసేపు నిలబడి వచ్చేసింది. అవతల మిగతా అందరికీ అదే సైట్ తలుపు తీస్తోంది. మరి మీ డెస్క్‌టాప్ ఏ ఇంటి తలుపు కొడుతున్నట్టు?

మద్రాసులో ఉన్నవాళ్ళకి ఈ మాట చెప్తే వెంటనే తెలుస్తుంది. మన వీధుల్లో గుమ్మాల మీద ఓల్డ్ నంబర్ ఇంత, న్యూ నంబర్ ఇంత అని రెండు రాసుంటాయి కదా, పాత నంబర్ పట్టుకుని కొత్తగా వచ్చిన కొరియర్ అబ్బాయి వీధి ఆ చివర ఎవరింటి ముందో నిలబడి మనకి ఫోన్ చేస్తాడు. మీ కంప్యూటర్ కూడా పాత నంబర్ పట్టుకుని తిరుగుతోందేమో అనిపించింది నాకు.

దాన్ని తేల్చుకోవడానికి స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టించి ఆ నల్ల కిటికీ తెరిపించాను. అందులో పింగ్ అని రాసి ఒక ఖాళీ వదిలి మీ సైట్ పేరు కొట్టమన్నాను. "రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్ అంటోంది సార్" అని కంగారు పడ్డారు మీరు, ఆ కింద లైన్లతో మనకి పని లేదు, చాలా సర్వర్లు పింగ్‌కి ఎటూ జవాబివ్వవు, మనకి కావాల్సింది మొట్టమొదటి లైన్‌లో సైట్ పేరు పక్కన ఉన్న నంబర్. అది రాసుకోమన్నాను. తర్వాత ఎన్ఎస్‌లుకప్ అని ఒకే మాటగా రాసి మళ్ళీ ఖాళీ, మళ్ళీ సైట్ పేరు. ఇక్కడ అందరూ చేసే పొరపాటే మీరూ చేశారు, 192.168.1.1 అని చదివారు. అది మీ రూటర్ నంబరమ్మా, ఎవరిని అడిగామో వాళ్ళ అడ్రస్ ముందు చూపిస్తుంది, అసలు జవాబు దాని కింద "నేమ్" అన్న చోట ఉంటుంది. ఆ కిందది చదివారు. మీ అసలు నంబర్లు పత్రికలో వెయ్యను, ఉదాహరణకి పింగ్‌లో వచ్చింది 192.0.2.44 అనుకోండి, ఎన్ఎస్‌లుకప్‌లో వచ్చింది 203.0.113.18 అనుకోండి. రెండూ వేరు. ఒకే కంప్యూటర్, ఒకే పేరు, రెండు నంబర్లు.

దొంగ ఎక్కడున్నాడో ఇక్కడే తెలిసిపోయింది. ఎన్ఎస్‌లుకప్ నేరుగా బయటి డీఎన్ఎస్‌ని, అంటే పేరు చెప్తే నంబర్ చెప్పే వ్యవస్థని, అడుగుతుంది. పింగూ, క్రోమూ అలా కాదు, ముందు కంప్యూటర్ సొంత చిట్టా చూసుకుంటాయి, అందులో ఉంటే ఇంక బయట అడగవు. ఆ చిట్టా పేరు హోస్ట్స్ ఫైల్. (పెద్ద పెద్ద కంపెనీల సైట్లకి మాత్రం ఈ పరీక్ష నమ్ముకోకండి, వాటికి నంబర్లు బోలెడుంటాయి, రెండు చోట్లా రెండు రకాలుగా రావడం మామూలే. మీలాంటి చిన్న సైట్‌కి చాలావరకు ఒకటే నంబర్ ఉంటుంది, అందుకే తేడా చూడగానే పట్టుకోగలిగాం.)

ఈ హోస్ట్స్ ఫైల్ గురించి రెండు మాటలు చెప్పాలని ఉంది, ఇన్నేళ్ళుగా మిషన్లు బాగుచేస్తున్నా దీన్ని చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటే. ఇంటర్నెట్ ఇంకా ఆ పేరుతో లేని రోజుల్లో, నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లు కొన్ని వందలే ఉన్నప్పుడు, పేర్లకీ నంబర్లకీ మొత్తం ప్రపంచానికి కలిపి ఒకే ఒక్క ఫైల్ ఉండేది. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు దాన్ని నిర్వహించేవాళ్ళు, కొత్త మిషన్ వస్తే వాళ్ళకి చెప్పాలి, వాళ్ళు రాసుకుంటారు, మిగతా వాళ్ళంతా ఆ ఫైల్ కాపీ తెచ్చుకుని తమ మిషన్‌లో పెట్టుకోవాలి. మిషన్లు పెరిగేకొద్దీ అది అయ్యే పని కాదని తేలిపోయింది, 1983లో పాల్ మొకాపెట్రిస్ అనే ఆయన డీఎన్ఎస్ అనే పద్ధతి తయారుచేశాడు, ఒకే ఫైల్ కాకుండా పేర్ల బాధ్యత తలా కొంచెం పంచిపెట్టే పద్ధతి, ఇప్పటికీ మనం వాడేది అదే. కానీ పాత ఫైల్‌ని ఎవరూ తీసెయ్యలేదు. విండోస్‌లో ఉంది, మ్యాక్‌లో ఉంది, లైనక్స్‌లో ఉంది, మామూలుగా అన్నీ ముందు దాన్నే చూస్తాయి. అందులో ఉన్న మాటే ఆ కంప్యూటర్‌కి వేదం.

మీ కంప్యూటర్‌లో ఆ ఫైల్‌లో ఏముందో చూడమన్నాను. సీ డ్రైవ్, విండోస్, సిస్టం32, డ్రైవర్స్, ఈటీసీ, దాని లోపల హోస్ట్స్. పేరు చివర చుక్కా ఉండదు తోకా ఉండదు, అందుకని నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ కొడితే ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది, కింద కుడి మూల "టెక్స్ట్ డాక్యుమెంట్స్" అన్న చోట "ఆల్ ఫైల్స్" అని మారిస్తేనే బయటికి వస్తుంది. మీకు అక్కడే ఐదు నిమిషాలు పట్టింది. ఫైల్ నిండా హ్యాష్ (#) గుర్తుతో మొదలయ్యే లైన్లు, అవి ఊరికే వివరాలు, కంప్యూటర్ వాటిని చదవదు. అన్నింటికన్నా అడుగున ఒక్క లైన్ హ్యాష్ లేకుండా ఉంది, ముందు నంబర్, తర్వాత మీ సైట్ పేరు. ఆ లైన్ చదివి మీరు ఒక్క క్షణం ఆగారు, "ఇది మా సైట్ పేరే కదా సార్, ఎవరు రాశారు?" అన్నారు.

ఎవరు రాశారో తర్వాత మీరే చెప్పారు. నాలుగేళ్ళ కిందట కాలేజీ అబ్బాయి ఒకడు మీ ఇంట్లోనే ఆ డెస్క్‌టాప్ ముందు రెండ్రోజులు కూర్చుని సైట్ చేశాడు. డొమైన్, అంటే సైట్ పేరు, ఇంకా అందరికీ తెరవకముందే సైట్ ఎలా కనిపిస్తుందో చూసుకోవడానికి ఆ లైన్ పెట్టుకున్నాడు. అది తప్పేం కాదు, సైట్లు చేసే వాళ్ళందరూ చేసేదే, మంచి పద్ధతే. పని అయ్యాక తీసెయ్యడం మర్చిపోయాడు, అంతే. ఇన్నాళ్ళూ ఎందుకు నడిచిందంటే ఆ లైన్‌లో ఉన్న నంబరూ, డీఎన్ఎస్ చెప్పే నంబరూ ఒకటే కాబట్టి. మూడు వారాల కిందట హైదరాబాద్‌లో ఉన్న మీ తమ్ముడి కొడుకు సైట్‌ని వేరే హోస్టింగ్‌కి, అంటే సైట్ పెట్టుకునే అద్దె చోటుకి, మార్చాడు, పాతదాంట్లో రెన్యువల్ ఎక్కువ అడిగారని. నంబర్ మారింది. లోకమంతా డీఎన్ఎస్‌ని అడిగి కొత్త నంబర్‌కి వెళ్ళిపోయింది, మీ డెస్క్‌టాప్ మాత్రం చిట్టాలో ఉన్న పాత నంబర్ పట్టుకుని ఖాళీ చేసిన ఇంటి తలుపు కొడుతూ కూర్చుంది. మీరు నాతో మూడుసార్లు అన్నారు, "ఈ కంప్యూటర్‌లో మేమేం మార్చలేదు సార్" అని. నిజమే అమ్మా, ఇందులో ఏమీ మారలేదు, బయట మారింది.

క్రోమ్ తీసి వేసినా, రూటర్ ఆపి వేసినా ఉపయోగం ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది కదా. డీఎన్ఎస్ ఫ్లష్ చెయ్యమని చాలామంది చెప్తారు, ఐపీకాన్ఫిగ్ పక్కన స్లాష్ పెట్టి ఫ్లష్‌డీఎన్ఎస్ అని కొడతారు, మీ అమ్మాయి కూడా అది చేసిందన్నారు. అది మంచి మందే కానీ ఈ జబ్బుకి కాదు, అది కంప్యూటర్ బయట అడిగి గుర్తుపెట్టుకున్న వాటిని మాత్రమే చెరిపేస్తుంది, హోస్ట్స్ ఫైల్‌లో రాసినదాని జోలికి పోదు.

ఆ లైన్ తీసెయ్యడం చిన్న పనే కానీ అక్కడా ఒక గుంట ఉంది, మీరు అందులో పడ్డారు, చాలామంది పడతారు. లైన్ ముందు హ్యాష్ పెట్టి సేవ్ కొడితే విండోస్ ఒప్పుకోలేదు, ఇంకో చోట సేవ్ చేసుకోమంది, మీరు సరే అన్నారు, అది డెస్క్‌టాప్ మీద హోస్ట్స్ డాట్ టీఎక్స్‌టీ అని పడింది. అసలు ఫైల్ అలాగే ఉంది. నోట్‌ప్యాడ్‌ని మామూలుగా తెరవకూడదు, స్టార్ట్‌లో నోట్‌ప్యాడ్ అని కొట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" అని తెరిచి, అప్పుడు ఫైల్ మెనూలో ఓపెన్ నుంచి హోస్ట్స్ తెరవాలి. అలా చేస్తే అడక్కుండా సేవ్ అయిపోతుంది. కొన్ని యాంటీవైరస్‌లు అప్పుడు కూడా అడ్డుపడతాయి, ఆ ఫైల్‌ని ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాస్తాయి, అప్పుడు దాన్ని ఐదు నిమిషాలు ఆపుకుని పని అవ్వగానే మళ్ళీ ఆన్ చేసుకోండి. మీకు ఆ అవసరం రాలేదు. క్రోమ్ మూసి తెరిచారు, "వచ్చేసింది సార్, వచ్చేసింది, ఆవకాయ జాడీ బొమ్మ కనిపిస్తోంది" అన్నారు, ఫోన్ పెట్టకుండానే వెనకాల లేబుల్ ప్రింటర్ కీచుమని మొదలైంది, నాకు వినిపించింది.

ఇప్పుడు ఫార్మాట్ సంగతి. ఆ సర్వీస్ అబ్బాయి మీద కోపం పెట్టుకోకండి, కానీ ఒక నిజం చెప్పాలి. ఆయన ఫార్మాట్ కొట్టి ఉంటే మీ సైట్ ఓపెన్ అయ్యేది. హోస్ట్స్ ఫైల్ కూడా విండోస్‌తో పాటు పోయి కొత్తది వచ్చేది కాబట్టి కచ్చితంగా ఓపెన్ అయ్యేది, మీరు డబ్బులిచ్చి థాంక్స్ చెప్పి పంపేవాళ్ళు, విండోస్ నిజంగానే పాడైందని నమ్మేవాళ్ళు. ఒక్క లైన్ కోసం నాలుగేళ్ళ అడ్రస్‌లూ మామగారి ఫోటోలూ పోయేవి, పోవాల్సిన అవసరమే లేదని మీకు ఎప్పటికీ తెలిసేది కాదు. నాకు దీని మీదే బాధ. కంప్యూటర్ సామాన్లు అమ్మే రిచ్చీ స్ట్రీట్‌లో కౌంటర్ దగ్గర పనిచేసిన రోజుల్లో విల్లివాక్కం నుంచి ఒక పెద్దాయన ఫార్మాట్ కొట్టిన హార్డ్ డిస్క్ పట్టుకుని వచ్చాడు, అందులో చనిపోయిన భార్య గొంతు ఉన్న వీడియోలున్నాయి, ఏదైనా తియ్యగలరా అని. అంతకుముందు వచ్చిన కంప్లైంట్ ఏంటయ్యా అంటే ఒక సైట్‌లో బొమ్మలు రావట్లేదని. ఆ డిస్క్ నుంచి మేం కొన్ని ఫోటోలు తియ్యగలిగాం, వీడియోలు రాలేదు. ఆ కంప్యూటర్‌లో అసలు తప్పేంటో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, చూసేలోపే తుడిచేశారు కదా. ఫార్మాట్ అవసరమయ్యే రోజులు ఉంటాయి, నేను కాదనను, కానీ అన్ని సైట్లూ వచ్చి ఒక్కటే రాని కంప్యూటర్‌కి అది మొదటి మందు కానే కాదు, ఎవరైనా కొడతానంటే ఎందుకు, తప్పు ఏ చోట ఉంది అని అడగండి, చెప్పలేకపోతే చెయ్యి పెట్టనివ్వకండి. మీరు మాత్రం ఈ వారమే ఆ ఫోటోలూ అడ్రస్‌లూ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బీరువాలో పెట్టండి, ఆవకాయ పని తర్వాత చూసుకోవచ్చు, ఇది ముందు.

అదే లక్షణం ఉన్న మిగతా వాళ్ళకి, మీ హోస్ట్స్ ఫైల్ శుభ్రంగా ఉంటే కారణం ఇంకో చోట ఉంటుంది. నేనైతే ముందు ఇన్‌కాగ్నిటో కిటికీలో చూస్తాను, కంట్రోల్ షిఫ్ట్ ఎన్ కొడితే వస్తుంది, అందులో వచ్చి మామూలు కిటికీలో రాకపోతే పాత కుకీలో (సైట్ మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న గుర్తులు), బ్రౌజర్‌కి తగిలించుకున్న ఏదో ఎక్స్‌టెన్షనో అడ్డం పడుతోందని, యాడ్‌లు ఆపే ఎక్స్‌టెన్షన్లు మంచివే కానీ ఒక్కోసారి సైట్‌కి కావాల్సినదాన్ని కూడా ఆపేస్తాయి. అన్ని సైట్ల కుకీలూ తుడిచెయ్యక్కర్లేదు, అడ్రస్ ముందున్న గుర్తు నొక్కి ఆ ఒక్క సైట్‌వి తీసేస్తే చాలు, లేకపోతే అన్ని చోట్లా మళ్ళీ లాగిన్ అవ్వాలి. ఇన్‌కాగ్నిటోలోనూ రాకపోతే ఇంకో బ్రౌజర్‌లో చూడండి, అందులోనూ రాకపోతే విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ దగ్గర ప్రాక్సీ, అంటే మన నెట్ మధ్యలో ఇంకొకరి మీదుగా పోయే దారి, చూడండి, మీరు పెట్టని ప్రాక్సీ అక్కడ ఆన్‌లో ఉంటే ఏదో చెత్త సాఫ్ట్‌వేర్ పెట్టినట్టే. హోస్ట్స్ ఫైల్‌లో యాంటీవైరస్ కంపెనీల పేర్లు 127.0.0.1 పక్కన, అంటే ఆ కంప్యూటర్ సొంత నంబర్ పక్కన, కనిపించినా అంతే, అప్‌డేట్ రాకుండా వైరస్ చేసిన పని అది, అప్పుడు మాత్రం నిజంగా స్కాన్ చెయ్యించాలి. క్రాక్ వేసిన, అంటే డబ్బు కట్టకుండా తాళం పగలగొట్టిన, సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి కూడా అలాంటి లైన్లు ఉంటాయి, ఆ కంపెనీ సైట్ ఎందుకు రావట్లేదని నన్నడుగుతారు, క్రాకే దాన్ని మూసేసింది.

ఇంకొక్క మాట. మీ పాత హోస్టింగ్ వాళ్ళ ఆ నంబర్ మూగగా ఉంది కాబట్టి టైమ్డ్ ఔట్ వచ్చింది. అదే నంబర్‌లో వేరేవాళ్ళ సైట్ ఉంటే "యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అని ఎర్రగా వచ్చేది, పేరొకటి, లోపల ఉన్నది ఇంకొకరు అని. అప్పుడు అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకి పోయి పాస్‌వర్డ్ కొట్టకూడదు, ఎవరి చేతిలో పెడుతున్నామో తెలియదు.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్‌ని, తాంబరంలో ఉంటాను. రోజూ పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేస్తే ఏ సైట్ చూసినా "యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్" అంటుంది, కింద తేదీ 2015 అని ఉంటుంది. తేదీ సరిచేస్తే సాయంత్రం దాకా బాగుంటుంది, రాత్రి స్విచ్ ఆపి పడుకుంటే పొద్దున మళ్ళీ అదే. మా మనవడి ట్యాబ్‌లో ఈ గొడవ లేదు. వైరసా?

జవాబు: వైరస్ కాదు మాస్టారూ, బ్యాటరీ. మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది, కరెంట్ లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే, అది అయిపోయింది. ప్రతి సైట్‌కీ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని రాసుంటుంది, ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళ సర్టిఫికెట్‌కి మామూలుగా 90 రోజులే ఆయుష్షు. మీ కంప్యూటర్ ఇంకా 2015లో ఉన్నాననుకుంటుంది కాబట్టి ఈ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, ఇది దొంగది అని ఆపేస్తోంది. అది ఆపడం మంచిదే.

బ్యాటరీ మీద సీఆర్2032 అని ఉంటుంది, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, ఆ నంబర్‌కి అర్థం అదే, 3 వోల్టులు. రిచ్చీ స్ట్రీట్ దాకా రానక్కర్లేదు, మీ దగ్గర వాచీలు బాగుచేసే కొట్లో కూడా దొరుకుతుంది. వేసేముందు ప్లగ్ పూర్తిగా పీకండి, పక్కనున్న క్లిప్ నొక్కితే పాతది పైకి లేస్తుంది, కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. ఆ తర్వాత ఒకసారి తేదీ సరిచేసి "సెట్ టైం ఆటోమేటికల్లీ" ఆన్ చేసెయ్యండి. చేతులు వణుకుతుంటే మనవడిని పట్టుకోమనండి, ఐదు నిమిషాల పని, వాడికీ ఒకటి తెలుస్తుంది.

ప్రశ్న: అన్నా, వేళచ్చేరిలో ఉంటున్నా. ఊళ్ళో మా పొలం కాగితాలు చూసుకునే సర్కారు సైట్ ఫోన్‌లో వస్తుంది, నా ల్యాప్‌టాప్‌లో రాదు, "యాక్సెస్ డినైడ్" అంటుంది. మిగతావన్నీ వస్తాయి. హోస్ట్స్, డీఎన్ఎస్ అన్నీ చూసేశా, గూగుల్ వాళ్ళ డీఎన్ఎస్ 8.8.8.8 కూడా పెట్టా.

జవాబు: తమ్ముడూ, యాక్సెస్ డినైడ్ అని వచ్చిందంటే నువ్వు సరైన ఇంటికే వెళ్ళావు, లోపలున్నవాళ్ళు నిన్ను చూసి రావద్దన్నారు. డీఎన్ఎస్ మార్చి ఉపయోగం లేదు. ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఏదైనా ఉందా చూడు, సాఫ్ట్‌వేర్‌గా లేకపోయినా బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌గా అయినా ఉండొచ్చు, ఎప్పుడో మ్యాచ్ చూడ్డానికి వేసుకుని మర్చిపోయుంటావు. వీపీఎన్ ఆన్‌లో ఉంటే నువ్వు వేళచ్చేరిలో కూర్చున్నా అవతలివాళ్ళకి సింగపూర్ నుంచో ఆమ్‌స్టర్‌డామ్ నుంచో వచ్చినట్టు కనిపిస్తావు, మన సర్కారు సైట్లు కొన్ని బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళని లోపలికి రానివ్వవు. ఆపేసి, బ్రౌజర్ మొత్తం మూసి తెరిచి చూడు. ఆ ల్యాప్‌టాప్ ఆఫీసుదైతే మాత్రం దేన్నీ ఆపకు, వాళ్ళ వీపీఎన్ వాళ్ళ పని కోసం పెట్టింది, పొలం కాగితాలు ఫోన్‌లోనే డౌన్‌లోడ్ చేసుకుని నీ సొంత మెయిల్‌కి పంపుకుని ప్రింట్ తీసుకో.